తొమ్మిదో గూడు

భయమంటే ఏంటో నాకు నలభై తొమ్మిదేళ్ళు వచ్చేదాకా తెలీదండి. తెలిసిన రోజు బాగా గుర్తుంది. శ్రావణమాసం, మంగళవారం, కొత్త బ్రిడ్జి మీద రైళ్ళు తిరగడం మొదలైన మరుసటి ఏడు. పొద్దున్న ఏడు కాకముందే తెలిసిపోయింది.

నా పేరు అచ్చాయమ్మ. కొవ్వూరు రేవులో మా ఇల్లు. చేపలు పట్టేది మా అబ్బాయి లోకనాథు, అమ్మేది నేను. వాడు నోట్లో నాలుక లేనోడు, అందుకని వాడి వంతు కూడా నేనే మాట్లాడతాను. రాజమండ్రి బజారుకి తీసుకెళ్తేగాని మా చేపకి విలువ రాదు, మధ్యలో ఏమో గోదారి. రోడ్డు బ్రిడ్జి మీంచి బస్సులున్నాయిగా అంటారు. ఉన్నాయి. నా నెత్తి మీద తట్ట చూడగానే కండక్టరు, "నీచు కంపమ్మా, జనం గోల పెడతారు" అని తలుపేసేస్తాడు. ఆ జనమే సాయంత్రం పులస దొరికిందా అచ్చాయమ్మా అని నా చుట్టూ తిరుగుతారు. పుస్తెలమ్మైనా పులస తినాలంటగాని, పులస పక్కన కూర్చోకూడదంట, చూశారా!

అందుకని మా రేవు ఆడాళ్ళం పాత రైలు బ్రిడ్జి మీద నడిచే వెళ్ళేవాళ్ళం. మా అమ్మమ్మ నడిచింది, మా అమ్మ నడిచింది, నేను పదేళ్ళప్పటి నుంచీ నడిచాను. నడవకూడదని తెలుసు. రైలోళ్ళు తిట్టేవాళ్ళు, మేం తిరిగి తిట్టేవాళ్ళం, అలా జరిగిపోయేది. ఒకటే లైను. పట్టాల మధ్యన ఒక్క మనిషి పట్టేంత వెడల్పు ఇనప రేకులు పరిచుంటాయి. వాటి మీద ఒకరి వెనకాల ఒకరం నడవాలి. రేకుకి అటూ ఇటూ స్లీపర్ల సందుల్లోంచి కింద గోదారి కనపడతానే ఉంటుంది.

మరి రైలొస్తేనో అంటారేమో. దానికే గూళ్ళున్నాయండి. కొన్ని స్తంభాలకొకటి చొప్పున, బ్రిడ్జి పక్కకి చిన్న అరుగులా పొడుచుకొచ్చి ఉంటుంది. కింద లావు చెక్కలు, చుట్టూ గొట్టాల కమ్మీ. పట్టాల పని చేసేవాళ్ళు బండొచ్చినప్పుడు తప్పుకుని నిలబడ్డానికి కట్టినవి. మేం వాటిని గూడు అనేవాళ్ళం. ఏ బండి ఎప్పుడొస్తుందో మాకు నోటికొచ్చు. బండి కూత వినపడగానే ఎనిమిదిమందిమి తట్టలతో సహా ఒక్క గూట్లో దూరి, ఒకళ్ళ నడుం ఒకళ్ళు పట్టుకుని, రైల్లోవాళ్ళు విసిరే పైసలు మా తట్టల్లో పడితే నవ్వుకునేవాళ్ళం. ఆ గూడుంది కాబట్టే మాకు భయం లేదు. ఆ సంగతి అప్పుడు తెలీలేదు, మా ధైర్యమే అనుకున్నాం.

తర్వాత పక్కనే, ఎగువ వైపు, పెద్ద పెద్ద వంపులతో కొత్త బ్రిడ్జి వచ్చింది. రైళ్ళన్నీ అటు మళ్ళాయి. పాత బ్రిడ్జి మూసేశారు. మాకు పండగే! ఇక టైముల్లేవు, కూతల్లేవు, రాజమండ్రి దాకా మా ఇష్టం. రైలే రాని బ్రిడ్జికి గూళ్ళెందుకని రేవులోవాళ్ళు ఒక్కొక్కళ్ళే వెళ్ళి చెక్కలు పీక్కొచ్చుకున్నారు. మంచి చెక్క, వందేళ్ళయినా పుచ్చు పట్టలేదు. వీరవేణి మేకల పాకకి వేసుకుంది. ఇంకొకళ్ళు పడవకి వేసుకున్నారు. నేనేమన్నా తక్కువ తిన్నానా? అప్పుడే మా కోడలు సత్యవాణికి నెల తప్పింది. వరదల్లో మా ఇంట్లో నేల చెమ్మ ఊరుతుంది, కడుపుతో ఉన్న పిల్ల నేల మీద పడుకుంటే ఎలా?

"ఒరే లోకనాథూ, వెళ్ళి తొమ్మిదో గూడు చెక్కలు పట్రా. పిల్లకి బల్ల చేద్దాం" అన్నాను.

వాడు తల గోక్కున్నాడు. "రేపెప్పుడన్నా రైలొస్తేనోనే అమ్మా?"

"మూసేసిన బ్రిడ్జి మీద రైలేంట్రా, నీ మొహం!"

నాలుగు చెక్కలు తెచ్చాడు. మంచి బల్ల అయింది. సత్యవాణి దాని మీద పడుకుని, "నడుం నొప్పి పోయింది అత్తా" అంటే, నేను రేవంతా తిరిగి చెప్పుకున్నాను.

ఈ సత్యవాణిది జంగారెడ్డిగూడెం. వాళ్ళ నాన్న చెరువుల్లో చేపలు పట్టిస్తాడు. చెరువు తప్ప ఏరు చూడని మెట్టపిల్ల. పెళ్ళయి ఏడాదైనా గోదారంటే దానికి గుండె దడే. బ్రిడ్జి మీద నడిపిస్తే నా కొంగు చుట్టూ తిప్పి పిడికిట్లో పట్టుకునేది. "కొంగు చిరిగిపోద్దే, వదులు! చేపలోళ్ళింటి కోడలివి, నీళ్ళకి భయపడితే నలుగురూ నవ్వుతారు" అని కసురుకునేదాన్ని. నవ్వేది ఎవరో కాదు, నేనే.

ఆ మంగళవారం దానికి అయిదో నెల. రాజమండ్రిలో డాక్టరమ్మకి చూపించాలి. "నేను బస్సులో వచ్చేస్తాను అత్తా, మీరు తట్టతో నడిచి రండి" అంది పాపం. "కడుపుతో ఉన్నదాన్ని ఒంటరిగా పంపిస్తానా? నాతోనే రా" అన్నాను. ప్రేమే అండి, కాదనను. కాని ప్రేమ కూడా నోరు పెట్టుకునే చూపించడం నాకలవాటు.

బయలుదేరేసరికి సన్నగా తుంపర. మిగతా ఆడాళ్ళు చీకటితోనే వెళ్ళిపోయారు. దీనికి వాంతులవడంతో మాకు ఆలస్యమైంది. తట్టలో కిందంతా చిన్న చేపలు, పైన తడి గోనెలో చుట్టిన పులస. బ్రిడ్జి మొదట్లో ఒక కర్రకి ఎర్రజెండా పాతి ఉంది.

"అత్తా, ఎర్రజెండా ఉందేంటి?" అంది.

"పార్టీవాళ్ళదే. మీటింగేదో ఉంటుంది. నడు."

అదండీ నా తెలివి. రైలు బ్రిడ్జి మీద పాతిన ఎర్రజెండా చూసి పార్టీ జెండా అనుకున్న మనిషిని గోదారి జిల్లాల్లో నన్నొక్కదాన్నే చూస్తారు మీరు.

నడుస్తున్నాం. గోదారి వరద మీదుంది, ఎర్రటి నీళ్ళు, స్తంభాల దగ్గర సుళ్ళు తిరుగుతున్నాయి. ఎడంపక్కన కొత్త బ్రిడ్జి, దాని అవతల దూరంగా తుంపర్లో రోడ్డు బ్రిడ్జి మీద లారీల లైట్లు. ఎనిమిదో గూడు దాటుతుంటే అందులో చెక్కల్లేవు, ఉత్త ఇనప చట్రం, దాన్లోంచి నీళ్ళు.

"ఇది వీరవేణి మేకల కింద ఉంది" అని నవ్వాను.

"మరి మనది?"

"ముందుంది. తొమ్మిదోది."

ఇంకో నలభై అడుగులు వేశామో లేదో, కొంగు బిగుసుకుంది. అది ఆగిపోయింది.

"అత్తా, కాళ్ళ కింద వణుకుతోంది."

"కొత్త బ్రిడ్జి మీద గూడ్సు వస్తోంది, చూడు. అది నడిస్తే ఇదీ వణుకుతుంది. రోజూ ఉండేదే."

నిజంగానే గూడ్సు వస్తోంది. నల్లటి బొగ్గు పెట్టెలు, ఒకటి తర్వాత ఒకటి, చెవులు గింగిర్లెత్తే చప్పుడు. అది అయిపోయేదాకా నిలబడదాం అంది. నిలబడితే బేరం పోతుందని నేను ముందుకు లాగాను. గూడ్సు ఎంతకీ అవ్వదే! ఆఖరి పెట్టె మమ్మల్ని దాటింది, కొవ్వూరు వైపు వెళ్ళిపోయింది.

గూడ్సు పోయింది. చప్పుడు మాత్రం పోలేదు.

నాకు ముందు అర్థం కాలేదండి. మళ్ళీ కొత్త బ్రిడ్జి వంక చూశాను, ఖాళీగా ఉంది. రోడ్డు బ్రిడ్జి వంక చూశాను. ఎక్కణ్ణుంచి వస్తోంది మరి? అప్పుడు అరికాళ్ళలోకి తెలిసింది. రేకు గలగలమంటోంది. తలెత్తి మా పట్టాల మీదకే చూశాను. తుంపర్లో చదునైన పెట్టె ఒకటి మా వైపు వస్తోంది. ముందు ఇంజను లేదు, లైటు లేదు. ఇంజను ఎక్కడో వెనకుండి తోస్తోంది. పెట్టె మీద ఇద్దరు మనుషులు టార్పాలిను నెత్తిమీద కప్పుకుని అటు తిరిగి కూర్చున్నారు.

"అమ్మో" అన్నాను. అంతే, ఇంకో మాట రాలేదు. రోజంతా వాగే నోరు, కేకైనా వెయ్యలేకపోయింది.

సత్యవాణి కూర్చుండిపోయింది. రేకు మీద చతికిలబడి, రెండు చేతుల్తో రేకు అంచులు పట్టుకుని కళ్ళు మూసేసుకుంది. వెనక్కి ఎనిమిదో గూడు దూరం. ముందు తొమ్మిదో గూడు దగ్గర, కాని రైలొచ్చే వైపే వెళ్ళాలి. తట్ట విసిరేశాను. పులస, చేపలు, గోనె, అన్నీ గోదార్లో పడ్డాయి. నేను చూడను కూడా లేదు. దాని జబ్బలు పట్టుకుని లాగాను. లేవదు. కసిరాను, లేవదు. ఎప్పుడూ చెయ్యనిది చేశాను, దాని ముందు కూర్చుని గడ్డం పట్టుకున్నాను.

"నా తల్లీ, నా బంగారు తల్లీ, లేవమ్మా. నీ కాళ్ళు పట్టుకుంటాను, లే. నీళ్ళు చూడకు, నన్ను చూడు."

కళ్ళు తెరిచింది. నన్నే చూస్తూ లేచింది. నేను వెనక్కి వెనక్కి నడుస్తూ, దాని రెండు చేతులూ పట్టుకుని, రైలు వైపుకి వీపు పెట్టి నడిచాను. ఎంత దగ్గరకొచ్చిందో నాకు కనపడదు, దాని కళ్ళల్లో తెలుస్తోంది. భయానికి ఒంటికి పోసుకున్నానండి, సిగ్గు లేకుండా చెప్తున్నాను, చీర తడిసిపోయింది.

తొమ్మిదో గూటికి చేరాం. "దూరు!" అని దాన్ని తోయబోయాను.

చెక్కల్లేవు.

ఆ క్షణం దాకా నాకు గుర్తు రాలేదు. ఇందాకే నోటితో చెప్పి నవ్వానే, అయినా ప్రాణం మీదకొచ్చేసరికి కాళ్ళు పాత అలవాటున గూటికే పరిగెత్తాయి. నాలుగు వేళ్ళ వెడల్పు ఇనప కమ్మీలు రెండు బయటికి పొడుచుకుని ఉన్నాయి, వాటి మధ్యన ఏమీ లేదు. కింద ఎర్రనీళ్ళు. ఆ చెక్కలెక్కడున్నాయో నాకు తెలుసు. రాత్రి ఈ పిల్ల వాటి మీదే పడుకుంది. నేనే దుప్పటి కప్పాను.

"ఆ కమ్మీ మీద కాలెయ్. గొట్టం పట్టుకో. చివరికి జరుగు" అన్నాను. ఎలా వేసిందో తెలీదు, వేసింది. నేను రెండో కమ్మీ మీద కాళ్ళు పెట్టి, దాని నడుం చుట్టూ ఒక చెయ్యి వేసి, ఒక చేత్తో గొట్టం పట్టుకున్నాను. దాని పొట్ట నా ముంజేతికి తగులుతోంది. తల్లీ గోదారమ్మా, నన్ను తీసుకో, ఈ రెండు ప్రాణాలూ వదిలెయ్యి అని మొక్కుకున్నాను. పెట్టె వచ్చేసింది.

మెల్లిగానే వచ్చిందండి. మెల్లిగా రావడమే నరకం. ఒక పెట్టె, రెండో పెట్టె, గూడంతా ఊగుతోంది, ఇనుము ఇనుముకి రాసుకుని కీచుమంటోంది. కమ్మీ మీద తుంపర, నా కాలు జారుతోంది. మూడో పెట్టె పోతుండగా నా మెడ వెనక్కి విరిగినట్టైంది. కొంగు! గాలికి ఎగిరి పెట్టె కొక్కేనికి చిక్కుకుంది. నన్ను పట్టాల వైపుకి లాగేస్తోంది. గొట్టం మీద నా వేళ్ళు ఒక్కొక్కటే ఊడిపోతున్నాయి. దాని నడుం చుట్టూ ఉన్న చెయ్యి తీసేశాను. నాతో పాటు అది పోకూడదని.

అప్పుడు సత్యవాణి, రేకు మీద నడవడానికి నా కొంగు పట్టుకునే పిల్ల, ఒక చెయ్యి గొట్టం మీంచి తీసేసింది. వంగి నా కుచ్చిళ్ళు పట్టుకుని ఒక్క లాగు లాగింది. చీర మొత్తం నా ఒంటి మీంచి గిర్రున ఊడి పెట్టెతో పాటు పోయింది. నేను గొట్టానికి కొట్టుకున్నాను. అది నా జుట్టు ముడి పట్టుకుంది. ఇంజను దాటిపోయేదాకా వదల్లేదు.

ఖాళీ పట్టాల మీదకి ఎలాగో పాకి, లంగా జాకెట్టుతో కూర్చుని, దాన్ని కావిలించుకుని నేను ఏడుస్తుంటే, అది పళ్ళు టకటకలాడించుకుంటూ, "చీర కొత్తది కాదుగా అత్తా" అంది. నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో నాకే తెలీదు.

రైలు కాస్త దూరంలో ఆగింది. పెట్టెకి వేలాడుతున్న చీర చూసి ఆపారంట. ఖాకీ చొక్కా ఆయన ఒకడు పరిగెత్తుకుంటూ వచ్చాడు. పేరు చంద్రరావు, గ్యాంగుమేస్త్రి. తుడుచుకునే తువ్వాలు నా మీద కప్పాడు.

"ఎర్రజెండా పాతాం గదమ్మా! ఇవాళ్టి నుంచీ పాత పట్టాలు ఎత్తుకుపోతున్నాం, చూళ్ళేదా? చీర చూసి మనిషి పోయిందనుకున్నాను" అన్నాడు. తర్వాత గూడు వంక చూశాడు. చట్రం లోంచి నీళ్ళు చూశాడు. సత్యవాణి పొట్ట చూశాడు. "ఏ పాపిష్టి వెధవలు పీక్కుపోయారో ఆ చెక్కలు! మనుషులు నిలబడేవి కదమ్మా అవి. వాళ్ళకి కళ్ళు కనపడవా?"

నన్ను ఒక మాటంటే పది మాటలు అప్పజెప్పేదాన్ని. తలొంచుకుని కూర్చున్నాను. సత్యవాణి నా చెయ్యి నొక్కి పట్టుకుంది.

వాళ్ళే కొక్కేనికున్న చీర విడదీసి ఇచ్చి, మమ్మల్ని రాజమండ్రి ఒడ్డుకి చేర్చారు. డాక్టరమ్మ దాని పొట్ట మీద గొట్టం పెట్టి వింటున్నంతసేపూ నేను గోడ పట్టుకుని నిలబడ్డాను. బ్రిడ్జి మీదకన్నా అక్కడే ఎక్కువ భయమేసిందండి. ఎంతసేపు విన్నదో! "గుండె బాగానే కొట్టుకుంటోంది" అన్నాక నేల మీద కూర్చున్నాను. ఇంటికి బస్సులో వచ్చాం. తట్ట లేదుగా, కండక్టరు రండమ్మా అని ఎక్కించుకున్నాడు.

ఇంటికి రాగానే సత్యవాణి ఒళ్ళు తెలీకుండా ఆ బల్ల మీద పడి నిద్రపోయింది. నేను గుమ్మంలో కూర్చుని ఆ బల్లనే చూశాను. నాలుగు చెక్కలు. అంచుల్లో పాత మేకుల బొక్కలు. సాయంత్రం అది లేచాక లోకనాథుని పిలిచాను.

"ఆ బల్ల ఊడదియ్యరా. పొద్దున్నే చెక్కలు తీసుకెళ్ళి ఇచ్చేద్దాం."

జరిగిందంతా విన్నవాడు, మొహం పాలిపోయి ఉన్నాడు, అయినా లెక్కగా మాట్లాడాడు. "ఆ పని నెలాఖరుకి అయిపోద్దంటమ్మా. పట్టాలే తీసేశాక ఇక రైలు రాదు. ఇప్పుడిచ్చి ఏం లాభం?"

"రైలు రాదనే గదరా అప్పుడూ పీకింది" అన్నాను.

వాడు వెళ్ళి సుత్తి తెచ్చుకున్నాడు.

పొద్దున్నే చెరి రెండు చెక్కలు మోసుకుని బ్రిడ్జి మొదటికి వెళ్ళాం. చంద్రరావు ఎర్రజెండా దగ్గర బీడీ కాలుస్తున్నాడు. జెండా దాటి ఒక్కడుగు వెయ్యలేకపోయాను. ఈనాటికీ వెయ్యలేను. చెక్కలు ఆయన కాళ్ళ దగ్గర దించాను.

"నిన్న అడిగావు గదా బాబూ, ఏ పాపిష్టోళ్ళు పీక్కుపోయారోనని. నేనే."

ఆయన నన్ను చూశాడు, చెక్కల్ని చూశాడు. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. వంగి మేకుల బొక్కలు తడిమి, "ఏ గూటివి?" అన్నాడు.

"తొమ్మిదోది."

"మిగతా గూళ్ళవో?"

ఏ చెక్క ఎవరింట్లో ఉందో నాకు తెలుసు. రేవంతా తెలుసు. "సాయంత్రానికి తెస్తాను బాబూ" అని చెప్పి, కొంగు నడుముకి బిగించి దోపుకుని, తిన్నగా వీరవేణి మేకల పాకకే వెళ్ళాను.